వెదురు బద్దలతో మూడడుగుల క్రిస్మస్ నక్షత్రం: చట్రం నుంచి దీపం దాకా సమగ్ర మార్గదర్శి

సెమీ క్రిస్మస్ కూడికలు మొదలయ్యే రోజుల్లో నల్లగొండ, మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు ఊళ్లలో ఇంటి మీద నక్షత్రం కట్టాలనుకునేవారు ప్రతి ఏడూ అవే ప్రశ్నలు అడుగుతారు. కొమ్ములు ఒకటి లావుగా, ఒకటి సన్నగా ఎందుకు వస్తున్నాయి? కాగితం నాలుగు రోజులకే ఎందుకు వదులవుతోంది? బల్బు బాగానే వెలుగుతున్నా కొనలు ఎందుకు చీకటిగా ఉంటున్నాయి?

చాలామంది రంగు కాగితం మీద పెట్టే శ్రద్ధను వెదురు మీద పెట్టరు. కాగితం చినిగితే పది నిమిషాల్లో మార్చవచ్చు, కానీ చట్రం వంకరపోతే ఎంత మంచి కాగితం అంటించినా ఆ వంకర రాత్రి వెలుగులో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. అందువల్ల ఈ మార్గదర్శిలో అన్నిటికన్నా ఎక్కువ చోటు చట్రానికే ఇచ్చాను.

1. కొలత, సమయం

ఒకటి రెండు అంతస్తుల ఇంటికి మూడడుగుల నక్షత్రం సరిపోతుంది. వీధి చివరి నుంచి కనిపిస్తుంది, ఇద్దరు మనుషులు సులువుగా ఎత్తగలుగుతారు, గాలికి తట్టుకుంటుంది. ఇక్కడ మూడడుగులు అంటే వాడే ఒక్కో బద్ద పొడవు, అనగా 36 అంగుళాలు. పూర్తయిన నక్షత్రం ఎత్తు దాదాపు 34 అంగుళాలు వస్తుంది.

ఎక్కించాలనుకున్న రోజుకు కనీసం వారం ముందు పని మొదలుపెట్టండి. బద్దలు నానబెట్టి ఆరనివ్వడానికి రెండు రోజులు, చట్రానికి ఒక సాయంత్రం, దీపానికి, కాగితానికి మరో సాయంత్రం పడతాయి. జిగురు పూర్తిగా ఆరడానికి ఒక పగలు వదలాలి. ఒకే రాత్రిలో ముగించాలని కూర్చున్నవారు తడి జిగురుతోనే పైకి ఎక్కిస్తారు, తెల్లవారేసరికి మంచు మిగతా పని చేస్తుంది.

చట్రం కట్టడానికి ఇద్దరు తప్పనిసరి, ముగ్గురైతే మేలు. అరుగు మీద పని పెట్టుకుంటే ఆ సాయం దానంతట అదే దొరుకుతుంది. పండుగ తమది కాకపోయినా పక్కింటి పిల్లలు వచ్చి బద్ద కొన పట్టుకొని కూర్చుంటారు. ఈ కాలంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సాయంత్రాలు అవే, కనుక ఈ పనిని గదిలో తలుపులు వేసుకొని చేయవద్దని మనసారా కోరుతున్నాను.

2. సామగ్రి

☐ వెదురు బద్దలు: 36 అంగుళాల పొడవు, అర అంగుళం వెడల్పు, పావు అంగుళానికి మించని మందం. అయిదేసి బద్దలతో నక్షత్రాలు రెండు కట్టి జత చేస్తాం కనుక కావలసినవి 10, తెచ్చుకోవలసినవి 12.
☐ పోటు పుల్లలు (రెండు నక్షత్రాల మధ్య నిలబెట్టి ఉబ్బు తెచ్చేవి): 8 అంగుళాల పొడవు, ముప్పావు అంగుళం వెడల్పు గల గట్టి వెదురు ముక్కలు 5.
☐ దీపం కట్టడానికి 14 అంగుళాల బద్ద 1.
☐ సన్నని సుతిలి లేదా గట్టి నూలు దారం, పాత సైకిల్ ట్యూబు నుంచి కోసిన రబ్బరు పట్టీలు.
☐ టేపు, పెన్సిలు, పదునైన కత్తి, ఉప్పు కాగితం.
☐ పతంగి కాగితం: కొమ్ములకు ఒక రంగు, నడుమకు ఒక రంగు, వెనకకు తెలుపు.
☐ మైదా పిండి ఒక గ్లాసు.
☐ 5 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు 2, హోల్డర్లు 2, ఐఎస్‌ఐ గుర్తు ఉన్న రెండు పోగుల వైరు, ప్లగ్గు, ఇన్సులేషన్ టేపు.

పతంగి కాగితం దొరకడం ఈ నెలలో కష్టం కాదు. సంక్రాంతి పతంగుల సరుకు డిసెంబరులోనే దుకాణాలకు రావడం మొదలవుతుంది.

3. బద్దల ఎంపిక

వెదురును సొంతంగా చీల్చే అలవాటు లేకపోతే ఆ పని మేదరి వారికే వదిలేయడం మంచిది. గంపలల్లే దబ్బ మరీ పలుచన, నిచ్చెనకు వాడే బొంగు మరీ మందం. ఈ రెంటికీ నడుమ ఉండే మందాన్ని పైన చెప్పిన కొలతలతో అడిగి చీల్పించుకోండి. అన్నిటినీ ఒకే బొంగు నుంచి, లేదా ఒకే ఈడు బొంగుల నుంచి చీల్చమని ప్రత్యేకంగా అడగండి. లేత వెదురు ఎక్కువగా వంగుతుంది, ముదురుది తక్కువగా వంగుతుంది. రెండూ ఒకే చట్రంలో కలిస్తే లేత బద్ద ఉన్న వైపు కొమ్ము ఉబ్బుతుంది. ఒక కొమ్ము లావుగా, ఒకటి సన్నగా రావడానికి అసలు కారణాల్లో ఇది మొదటిది.

తెచ్చిన బద్దలను ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, నీడలో ఒక రోజు ఆరనివ్వండి. ఎండలో పెడితే కొనలు చీలుతాయి. ఆరిన తరువాత ఒక్కో బద్దను రెండు చేతులతో కొనల దగ్గర పట్టుకొని విల్లులా వంచి చూడండి. వంపు నడిమిలో సమంగా రావాలి. ఒక చోట విరిగినట్టుగా మడత పడితే ఆ బద్దను పక్కన పెట్టండి. పన్నెండు తెచ్చుకోమన్నది ఇందుకే.

కణుపుల విషయం కూడా చూసుకోవాలి. కణుపు దగ్గర వెదురు వంగదు, పైగా ఎత్తుగా ఉంటుంది కనుక అక్కడ కట్టు నిలవదు. బద్దలు రెండు కలిసే చోట, కొనల దగ్గర కణుపు రాకుండా బద్దను ముందుకో వెనక్కో జరిపి కోయండి. తప్పించలేకపోతే కణుపు గుబ్బను కత్తితో చదును చేయండి.

చివరగా, ప్రతి బద్దకు అంచులను, నునుపైన తొక్క వైపును ఉప్పు కాగితంతో రుద్దండి. అంచు పదునుగా ఉంటే కాగితాన్ని లోపలి నుంచి కోస్తుంది, తొక్క నునుపుగా ఉంటే మైదా జిగురు పట్టదు.

4. గుర్తులు పెట్టడం

అయిదు సమానమైన బద్దలతో కట్టే నక్షత్రంలో ప్రతి బద్దనూ మిగతా వాటిలో రెండు బద్దలు ఏటవాలుగా దాటుతాయి. ఆ దాటే చోటును ఇక్కడ కూడలి అందాం. కూడలి ఎక్కడ రావాలన్నది కంటి అంచనాకు వదలకూడదు. బద్ద పొడవులో నూటికి 38 పాళ్ల దగ్గర మొదటి కూడలి, అవతలి కొన నుంచి మళ్లీ అంతే దూరంలో రెండోది వస్తాయి.

36 అంగుళాల బద్దకు లెక్క ఇది: ఒక కొన నుంచి 13¾ అంగుళాల దగ్గర ఒక గీత, 22¼ అంగుళాల దగ్గర మరో గీత. ఈ రెండు గీతల నడుమ 8½ అంగుళాలు ఉండాలి. పది బద్దలనూ పక్కపక్కన పేర్చి, కొనలు సమం చేసి, ఒకేసారి అడ్డంగా గీత గీస్తే అన్నిటి మీదా గుర్తు ఒకే చోట పడుతుంది.

కొనల దగ్గర దారం కట్టడానికి కొంత పొడవు కావాలి కదా అని అడుగుతారు. కొన నుంచి అర అంగుళం లోపలికి కట్టండి. పదింటికీ అదే అర అంగుళం పాటిస్తే ఆకారం చెడదు, కూడలి కట్టు గీత నుంచి కాస్త జరిగినా అన్ని చోట్లా ఒకేలా జరుగుతుంది.

5. నక్షత్రాలు రెండు కట్టడం

చదునైన నేల మీద పని చేయండి. పలక మీద చెయ్యి ఎత్తకుండా నక్షత్రం గీసే క్రమమే బద్దలు పేర్చే క్రమం.

1. పై కొనను 1 అనుకొని కుడి వైపుగా 2, 3, 4, 5 అని కొనలకు సుద్దముక్కతో నేల మీద స్థానాలు గుర్తించండి. పక్కపక్కన ఉండే రెండు కొనల మధ్య దూరం 22¼ అంగుళాలు రావాలి.
2. మొదటి బద్దను 1 నుంచి 3కు, రెండోదాన్ని 3 నుంచి 5కు, మూడోదాన్ని 5 నుంచి 2కు, నాలుగోదాన్ని 2 నుంచి 4కు, అయిదోదాన్ని 4 నుంచి 1కి పేర్చండి. తొక్క వైపు అన్నిటికీ పైకి ఉండాలి.
3. ప్రతి బద్దా ఒక కూడలిలో పై నుంచి, రెండో కూడలిలో కింది నుంచి పోవాలి. అయిదో బద్దను ఈ లెక్క ప్రకారం దూర్చవలసి వస్తుంది. అలా అల్లకుండా పైన పడేస్తే చట్రం ఒక పక్కకు ఒరుగుతుంది, ఆ తరువాత దాన్ని సరిచేయడం సాధ్యం కాదు.
4. కొనలను ముందుగా రబ్బరు పట్టీలతో తాత్కాలికంగా బిగించండి. కూడలులు గీతల మీదికి వచ్చాయో లేదో చూడండి.
5. అయిదు పక్కల దూరాలూ టేపుతో కొలవండి. పావు అంగుళం తేడా వరకు పరవాలేదు. అంతకు మించితే పట్టీ వదులు చేసి జరపండి.
6. కొలతలు కుదిరిన తరువాతే సుతిలితో కట్టండి: ఏటవాలుగా రెండు చుట్లు, దానికి ఎదురు ఏటవాలుగా రెండు చుట్లు, ఆపైన రెండు బద్దల నడుమ నుంచి దారాన్ని బిగించి రెండు చుట్లు, తరువాత ముడి.

కొనల దగ్గర మేకు కొట్టవద్దు. వెదురు నిలువునా చీలుతుంది, ఆ చీలిక వెంటనే కనిపించకపోయినా పోటు పుల్లలు పెట్టి వంచినప్పుడు బయటపడుతుంది.

రెండో నక్షత్రాన్ని కొత్తగా కొలవకుండా మొదటి దాని మీదే పేర్చి కట్టండి. రెండూ ఒకదానికొకటి అచ్చుగా రావడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు.

6. రెంటినీ కలిపి ఉబ్బెత్తుగా చేయడం

రెండు నక్షత్రాల తొక్క వైపులూ బయటికి, లోపలి వైపులు ఒకదానికొకటి ఎదురుగా ఉండేలా జత చేసి, అయిదు కొనలనూ జంటగా గట్టిగా కట్టండి. తొక్క బయటికి ఉన్నప్పుడు బద్ద విరగకుండా ఎక్కువ వంపును ఓర్చుకుంటుంది.

పోటు పుల్లల రెండు చివరలా కత్తితో చిన్న గాడి తీయండి. ఒక్కో పుల్ల ముందు నక్షత్రపు కూడలికీ, వెనక నక్షత్రంలో దానికి ఎదురుగా ఉన్న కూడలికీ మధ్య నిలబడాలి.

ఇక్కడ తొందరపడకూడదు. లారీ చక్రానికి నట్లు బిగించేటప్పుడు ఒకటి విడిచి ఒకటి బిగించినట్లే పుల్లలను కూడా ఒకటి విడిచి ఒకటి పెట్టాలి. అయిదింటినీ మొదట ఏటవాలుగా దూర్చి, ఆపైన కొద్దికొద్దిగా నిలువుకు తీసుకురండి. ఒకే పుల్లను మొదటే పూర్తిగా నిలబెడితే ఆ భారమంతా రెండు బద్దల మీద పడుతుంది.

అయిదూ నిలబడ్డాక రెండు చివరలా కట్టండి. ఇప్పుడు చట్రాన్ని కింది రెండు కొనల మీద నేలపై నిలబెట్టి, దూరం నుంచి చూడండి. ఏ కొమ్మైనా పక్కకు తిరిగితే ఆ పక్క పోటు పుల్ల జరిగి ఉంటుంది, దాన్ని చిన్నగా తట్టి సరిచేస్తే చాలు. ఉబ్బు ఒక వైపు ఎక్కువగా కనిపిస్తే పుల్లల పొడవు మళ్లీ కొలవండి.

కాగితానికి ముందు చూసుకోవలసినవి:

☐ ఏ కట్టూ చేతితో కదిపితే జరగడం లేదు.
☐ దారం చివరలు, వెదురు పీచులు బయటికి పొడుచుకొని లేవు.
☐ కొనల దగ్గర చీలిక లేదు.
☐ పై కొనకు వేలాడదీసే తాడు ఇప్పుడే కట్టారు.

7. దీపం కాగితానికి ముందే

కాగితం అంటించిన తరువాత దీపం పెట్టబోయి చింపుకునేవారు ఎక్కువ. అందుకే ఈ మెట్టు ముందు.

ఎడమ, కుడి వైపుల్లో ఒకే ఎత్తున ఉన్న రెండు పోటు పుల్లల నడిమికి 14 అంగుళాల బద్దను అడ్డంగా కట్టండి. అది నక్షత్రం నట్టనడుమకు కాస్త దిగువగా వస్తుంది. దాని మధ్యలో ఒక హోల్డరును పైకి, ఒకదాన్ని కిందికి ముఖం పెట్టి బిగించండి. ఎల్‌ఈడీ బల్బు వెలుగంతా గుండ్రని ముఖం వైపే ఎక్కువగా వెళ్తుంది, వెనక వైపు తక్కువ. ఒకే బల్బు కిందికి వేలాడదీసినప్పుడు పై కొమ్ము చీకటిగా ఉండడానికి కారణం అదే.

పాత తీగ బల్బులు వాడకండి. అరవై, వంద వాట్ల బల్బు వేడికి ఎండిన కాగితం మాడిపోతుంది, అంటుకునే ప్రమాదమూ ఉంటుంది. రెండు 5 వాట్ల ఎల్‌ఈడీలు రోజుకు ఆరు గంటల చొప్పున నెల రోజులు వెలిగినా కరెంటు రెండు యూనిట్లకు మించదు.

వైరును పోటు పుల్లకు రెండు చోట్ల కట్టి వెనక నుంచి బయటికి తీయండి. లాగితే ఆ బలం కట్టు మీద పడాలి గానీ హోల్డరు మీద కాదు. మధ్యలో అతుకులు లేని ఒకే వైరు ఇంట్లోని ప్లగ్గు దాకా రావాలి. కరెంటు పని తెలియనివారు హోల్డరు బిగింపును ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాలి. కాగితం వేసే ముందు ఒక గంట వెలిగించి చూడండి.

8. జిగురు

ఒక గ్లాసు మైదాను ఒక గ్లాసు చన్నీళ్లలో ఉండ లేకుండా కలపండి. మూడు గ్లాసుల నీళ్లు మరిగించి, మంట తగ్గించి, కలిపిన మైదాను సన్నని ధారగా పోస్తూ తిప్పండి. తెల్లదనం పోయి కాస్త పారదర్శకంగా, గరిట నుంచి బరువుగా జారే స్థితికి వచ్చాక దించి చల్లార్చండి. వేడి జిగురు రంగును లాగేస్తుంది. ఏ పూట జిగురు ఆ పూటే చేసుకోండి, మర్నాటికి పులుస్తుంది.

పురుగు పట్టకుండా కొందరు మైలుతుత్తం కలుపుతారు. అది విషం. పిల్లలు చేతులు పెట్టే పనిలో అది వద్దు.

9. కాగితం అంటించే క్రమం

ఈ నక్షత్రానికి మొత్తం 22 ముక్కలు కావాలి: పక్కల సందులు మూయడానికి సన్నని త్రికోణాలు 10, ముందూ వెనకా కలిపి కొమ్ములకు త్రికోణాలు 10, నడుమకు అయిదు పలకలవి 2. కొలతలతో నేరుగా రంగు కాగితం కోయకండి. పాత వార్తాపత్రికను చట్రానికి ఆనించి, బద్దల వెంట పెన్సిలుతో గీసి, చుట్టూ ముప్పావు అంగుళం మడతకు వదిలి నమూనా కోసుకోండి. ఆ నమూనాను అన్ని కొమ్ముల మీదా పెట్టి చూసి, సరిపోయాకే రంగు కాగితం మీద పెట్టండి.

రంగుల విషయంలో నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. ముదురు నీలం, ఊదా పగటిపూట ఎంత అందంగా ఉన్నా వెలుగును మింగేస్తాయి. ఎరుపు, నారింజ, పసుపు దూరానికి పలుకుతాయి. ఎర్రని కొమ్ములకు పసుపు నడుము పెడితే మసక చీకట్లోనూ ఆకారం చెదరదు. గోడకు ఆనించేటట్లయితే వెనక ముక్కలన్నీ తెల్లవి వేయండి, వెలుగు కొంత వెనక్కి పోకుండా ముందుకు తిరిగి వస్తుంది.

క్రమం ఇది:

1. మొదట పక్కల త్రికోణాలు. వాటి మడతలు ముందు, వెనక బద్దల మీదికి వస్తాయి, తరువాత అంటించే ముక్కలు వాటిని కప్పేస్తాయి.
2. తరువాత వెనక కొమ్ములు, ఆపైన ముందు కొమ్ములు. జిగురును కాగితానికి కాదు, బద్దకు పూయండి.
3. ముందు నడుము.
4. వెనక నడుము అన్నిటికన్నా చివర. దాని కింది రెండు అంచులను జిగురుతో కాక టేపుతో అంటించండి. బల్బు మార్చవలసి వస్తే అదే తలుపు.

కాగితాన్ని బిర్రుగా లాగకండి. ముడతలు లేకుండా పరిస్తే చాలు. జిగురు పూర్తిగా ఆరాక పిచికారీతో చాలా సన్నగా నీళ్లు చల్లితే, మళ్లీ ఆరేటప్పుడు కాగితం తనంతట తాను బిగుసుకుంటుంది. అయితే కొన్ని రంగులు నీటికి కారుతాయి కనుక ముందు ఒక పనికిరాని ముక్క మీద చల్లి చూడండి.

మంచు ఎక్కువగా పడే చోట, చెరువు గట్టు కింది ఇళ్లలాంటి చోట, పతంగి కాగితానికి బదులు గ్లాస్ పేపరు, అంటే పలుచని సెల్లోఫేన్ కాగితం, వాడవచ్చు. అది మంచుకు చెక్కుచెదరదు. కానీ దానికి మైదా జిగురు పట్టదు, రెండు వైపులా అంటుకునే టేపు కావాలి.

10. పైకి ఎక్కించడం

స్తంభంగా వెదురు బొంగునే వాడండి, ఇనుప పైపును కాదు. బొంగును పిట్టగోడకు మూడడుగుల ఎడంతో రెండు చోట్ల బిగించాలి. ఒకే చోట కడితే గాలికి తిరుగుతుంది.

కరెంటు తీగల విషయంలో ఒకే నియమం పాటించండి: బొంగు ఏ వైపుకు పడినా తీగను తాకకూడదు. అంటే తీగలకూ మీరు నిలబెట్టే చోటుకూ మధ్య దూరం బొంగు పొడవు కంటే, నక్షత్రాన్ని కూడా కలుపుకొని, ఎక్కువగా ఉండాలి. అంత చోటు లేకపోతే గుమ్మం ముందు, వరండా దూలానికి వేలాడదీయండి. వీధి కరెంటు స్తంభం నుంచి కొక్కెం వేసి కరెంటు తీసుకోవడం ప్రాణాల మీదికి తెస్తుంది.

పై కొన తాడుతో వేలాడదీసి, కింది రెండు కొనలకు సన్నని తాళ్లు కట్టి రెండు పక్కలకు లాగి బిగించండి. వైరు నక్షత్రంలోకి వెళ్లే ముందు కాస్త కిందికి వంగి పైకి పోవాలి, అప్పుడు వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. తుఫాను కబురు వచ్చిన రోజు ప్లగ్గు తీసి నక్షత్రాన్ని దించేయండి.

11. తరచూ ఎదురయ్యే లోపాలు, సవరణలు

కాగితం ఉదయం వదులై, మధ్యాహ్నానికి బిగుసుకుంటే అది మంచు తేమ వల్ల జరిగేది, దాన్ని ముట్టుకోకండి. మధ్యాహ్నం కూడా వదులుగానే ఉంటే పోటు పుల్ల కట్టు సడలిందని అర్థం. వెనక నడుము టేపు విప్పి, చెయ్యి పెట్టి కట్టు బిగించండి.

చిన్న చిరుగు పడితే పైన అతుకు వేయకండి, వెలిగినప్పుడు నల్లని మచ్చగా కనిపిస్తుంది. ఆ త్రికోణాన్ని తడి గుడ్డతో నానబెట్టి తీసి, మొత్తం ముక్కను మార్చండి.

బల్బు మినుకుమంటే ప్లగ్గు తీసిన తరువాతే హోల్డరు చూడండి. మంచుకు తడిసి ఉంటే ఎండలో ఆరబెట్టి, ఆరాకే మళ్లీ వెలిగించండి.

12. క్యారల్స్‌కు చిన్నది, చర్చికి పెద్దది

రాత్రి ఇంటింటికీ పాటలతో తిరిగే యువకులు మోసే నక్షత్రానికి 18 అంగుళాల బద్దలు, 4 అంగుళాల పోటు పుల్లలు చాలు. గుర్తులు రెండు కొనల నుంచీ 6⅞ అంగుళాల దగ్గర పడతాయి. దీపానికి చార్జింగ్ లైటు పెట్టండి, మోసే కర్రను పోటు పుల్లకు కాక కింది కూడలుల్లో రెంటికి కలిపి కట్టండి.

చర్చి ముందు ఆరడుగులది కట్టాలంటే పొడవులన్నీ రెండింతలు చేయండి: గుర్తులు 27½ అంగుళాల దగ్గర, పోటు పుల్లలు 16 అంగుళాలు. బద్ద వెడల్పు ముప్పావు అంగుళం కావాలి, బల్బులు నాలుగు.

13. దించడం, దాచడం

ముగ్గురు జ్ఞానుల పండుగ జనవరి 6 వరకు ఉంచి, సంక్రాంతికి ముందు దించేవారు చాలామంది. దించాక ఇలా చేయండి:

☐ కాగితం మొత్తం తడిపి ఊడదీయండి. మిగిలిన మైదా జిగురుకు ఎలుకలు, బొద్దింకలు చేరతాయి.
☐ పోటు పుల్లలు తీసేసి చట్రాన్ని చదును చేయండి. ఏడాదంతా వంచి ఉంచితే బద్దల్లో బిగి పోతుంది.
☐ పుల్లలకూ వాటి కూడలులకూ ఒకే అంకె రాసి, ఒక కట్టగా కట్టండి.
☐ బల్బులు, వైరు విడిగా డబ్బాలో పెట్టండి.
☐ చట్రాన్ని పొగ, గాలి తగిలే చోట దూలానికి వేలాడదీయండి. బద్దల నుంచి పసుపు పొడి రాలుతుంటే పురుగు పట్టిందని గుర్తించి, ఆ బద్దను వెంటనే తీసేయండి.